తొమ్మిది, ఎర్రదారం

పదకొండు గంటలకు తలుపు వేసుకున్నారు. పన్నెండుకి తీస్తామన్నారు. ఆ మధ్య గంట కోసం ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. కారిడార్‌లో బెంచీ ఇనుపది, వీపు ఆనించుకోనివ్వదు, అయినా ఆయన ఎక్కడా వీపు ఆనించే మనిషి కాదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా మూసిన తలుపును పట్టుబడ్డ దొంగను చూసినట్టు చూస్తున్నాడు. లోపల ఐదుగురు సభ్యుల కమిటీ, వాళ్ళ ముందు బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఆయన ఉతుకుడు పుస్తకం. సబ్బునీళ్ళు చింది అంచులు ఉబ్బిన పుస్తకం. తేల్చాల్సినవి రెండే ముక్కలు. జబ్బు ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయిన ఆ తొమ్మిది వారాల్లో, ఆయన బట్టలు ఉతికిన వృద్ధుల హోమ్‌లో ఎంతమంది పోయారు అన్నది ఒకటి. ఇకముందు ఏ హోమైనా తన మనుషుల లెక్క ఎలా రాసివ్వాలి అన్నది రెండు. మొదటిదానికి హోమ్ రాసిచ్చిన జవాబు సున్నా. రెండేళ్ళుగా సర్కారు కాగితాల్లో ఆ సున్నా కోడిగుడ్డులా నున్నగా, చెక్కుచెదరకుండా కూర్చుంది. ఈవేళ అది పగులుతుంది. పగులుతుందో లేదో అన్న అనుమానం పొద్దున లేచినప్పుడు ఉంది. హోమ్ తరఫు లాయరు నోరు తెరిచాక అదీ పోయింది.

తలుపు వేసుకోకముందు, లోపల విచారణలో లాయరు ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు. "అయ్యా, ఇది బట్టల లెక్క, మనుషుల లెక్క కాదు" అన్నాడు. "బట్టలు వాటంతటవి నడిచి బుట్టలోకి రావు బాబూ" అన్నాడు ఆయన. ఒక్క ముక్క, అంతే. కమిటీ పెద్ద, నెరిసిన జుట్టు మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి కాకపోతే శుభ్రంగా ఉన్న కళ్ళజోడు ఎవడు తుడుచుకుంటాడు? హోమ్ మేనేజరు మాత్రం నవ్వలేదు. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ రుమాలు తను ఉతికిన రుమాళ్ళలో ఒకటి, అంచు కుట్టు తనదే, ఆయన గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ళు దర్జీగా బతికినవాడు తన కుట్టును పదడుగుల దూరం నుంచి గుర్తుపడతాడు.

"బావా, కాస్త నవ్వరాదూ" అన్నాడు పక్కన బావమరిది. పోయిన భార్యకు తమ్ముడు. బొద్దుగా, మెత్తగా, జేబు నిండా పిప్పరమెంట్లతో, ఎప్పుడూ ఏదో ఒకటి చప్పరిస్తూ ఉంటాడు. "ఆ లాయరు మొహం చూశావా? ఆముదం తాగినట్టు పెట్టాడు."

"చూశాను."

"చూస్తే నవ్వాలి కదా."

"పన్నెండు అవనీ."

"నువ్వు నవ్వితే ఈ గోడలకు బీటలు పడతాయని భయమా ఏంటి?" అని, పిప్పరమెంటు అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చాడు. మంచివాడే. కానీ అప్పట్లో ఇదే నోటితో, పోయినవాళ్ళు పోయారు బావా, తవ్వుకుంటే ఏమొస్తుంది అన్నాడు. ఆ మాట ఆయన మరిచిపోలేదు. మరిచిపోయే జబ్బు ఆమెది, ఆయనది కాదు.

ఎవరో కారిడార్ చివర నేల తుడుస్తున్నారు, ఫినాయిల్ వాసన నేలబారుగా పాక్కుంటూ వచ్చి ముక్కులో దూరింది. ఈ వాసన హోమ్‌లో పొద్దునా సాయంత్రం. మొదటిసారి ఆమెను చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెళ్ళిన రోజు ఆమె ముక్కు మూసుకుంది, పోదాం పదండి అంది, అదే ఆమె ఆయనతో భార్యగా అన్న ఆఖరి మాట. అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టి వీధిలోకి నడిచిపోతోంది, రెండుసార్లు పక్క పేటలో దొరికింది, మూడోసారి రైలు పట్టాల పక్కన. చూసుకోలేకపోయాడు. ఒప్పుకుంటాడు, చూసుకోలేకపోయాడు, కొట్టు నడుపుకుంటూ ఆమెను కనిపెట్టుకుని ఉండడం ఒంటిచేతివాడు చప్పట్లు కొట్టడం లాంటిది. హోమ్‌లో చేర్చాక సాయంత్రం ఒక్క గంటే చూడనిస్తామన్నారు. మర్నాడు వెళ్ళి అడిగాడు, మీ ఉతుకుడు గదికి మనిషి కావాలని గేటు మీద రాశారు కదా, నేను చేస్తాను. మేనేజరు పైనుంచి కిందికి చూశాడు. ఈ వయసులోనా? ఈ వయసులోనే. కొట్టుకు తాళం వేశాడు, మిషను మూలకు తోశాడు, నలభై మంది ముసలివాళ్ళ దుప్పట్లు ఉతకడానికి చేరాడు. రోజుకు నాలుగుసార్లు బట్టల బుట్ట మోసుకుని ఆమె గదిలోకి వెళ్ళేవాడు. ఆమె ఆయన్ని దర్జీ అనుకునేది. అది అబద్ధమేం కాదు కదా. "ఏమయ్యా, ఈ గౌను చంకల కింద పట్టేస్తోంది, పోయినసారి కూడా ఇలాగే పాడుచేశావు" అనేది. "వదులు చేసి తెస్తానమ్మా" అనేవాడు. "చేస్తావు, చేస్తావు. మా ఆయన కుడితే వంక పెట్టడానికి ఉండదు, నీ కుట్టు చూడు, కాకి తొక్కినట్టు" అనేది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆయన కుట్టు మెచ్చుకోని మనిషి, ఆయన ఎదురుగానే నిలబడి ఆయన్ని మెచ్చుకునేది. వెళ్ళి ఆవిరి గదిలో కూర్చునేవాడు. ఆవిరిలో మొహం తడిగా ఉంటే ఎవడూ ఏమీ అడగడు.

నలభై మంచాలు, నలభై నంబర్లు. బట్ట పోకుండా, మారకుండా ప్రతి కాలరుకీ, ప్రతి మేజోడు అంచుకీ నంబరు కుట్టాలి. ఎర్రదారంతో కుట్టేవాడు. ఆమెది తొమ్మిది. పదిహేడు ఒక రైల్వే గార్డుది, ఒంటిమీద మూడు స్వెట్టర్లు వేసుకునేవాడు. ముప్పై ఒకటి ఒక పంతులమ్మది, జేబుల్లో సుద్దముక్కలు దొరికేవి. నంబరుకొక పేజీ, ఏ రోజు ఏం వచ్చింది, ఏం వెళ్ళింది, రాకపోతే ఎందుకు రాలేదు. ఆ ఆఖరి గడి ఎవరూ పెట్టమనలేదు. ఐదో తరగతి దాకానే చదివాడు, పల్లెబడిలో, ఒకే గది, ఒకే మాస్టారు, ఐదు తరగతులు. ఆ మాస్టారు హాజరు పిలిచి, పలకని పిల్లవాడి ఎదురుగా ఊరికే సున్నా చుట్టేవాడు కాదు. జ్వరం, చేను, చెప్పుల్లేవు, ఇలా రాసేవాడు. తెలియకపోతే మధ్యాహ్నం వాడి ఇంటికి వెళ్ళి తెలుసుకుని వచ్చి రాసేవాడు. లేనివాడు ఎందుకు లేడో రాయనివాడికి ఉన్నవాళ్ళ పేర్లు పిలిచే హక్కు లేదురా అనేవాడు. ఆ బడిలో నేర్చుకున్నది అంతే. అది చాలింది. పెద్ద చదువులు చదివిన ఆఫీసుకు ఆ మాత్రం తట్టలేదు.

జబ్బు వచ్చింది. గేట్లు మూశారు. పనివాళ్ళు ఇళ్ళకు పోతే జబ్బు మోసుకొస్తారని అందరినీ లోపలే ఉంచేశారు, తొమ్మిది వారాలు, ఆయన మంచం పెరట్లో ఉతుకుడు షెడ్డులోనే. మనుషులుండే భవనంలోకి మాత్రం వెళ్ళనివ్వలేదు. బట్టల బుట్ట గోడలోని చిన్న కిటికీలోంచి వచ్చేది, అందులోంచే పోయేది. ఇరవై అడుగుల దూరంలో ఆమె ఉంది, మధ్యలో గోడ. ఆ రోజుల్లో ఆమెను బట్టల్లో చూశాడు. గౌను జేబులో బిస్కెట్ ముక్కలుంటే ఇవాళ తిన్నది. చెయ్యి చివర ముడివేసి ఉంటే ఇవాళ కోపంగా ఉంది. మెడ దగ్గర మరకలుంటే ఎవరో పక్కన కూర్చుని పట్టించారు, లేకపోతే తనే తిన్నది. ముడి విప్పకుండానే నానబెట్టేవాడు, కాసేపు అలా ఉండనిచ్చేవాడు. బావమరిది ఫోను చేసి, అక్క ఎలా ఉంది బావా అంటే, ఇవాళ కోపంగా ఉంది అనేవాడు. నీకెలా తెలుసు? నాకు తెలుసు.

ఆసుపత్రులు నిండిపోయాయి. అక్కడి ముసలివాళ్ళను మంచాలు ఖాళీ చేయించి హోమ్‌లకు తోశారు, దగ్గుతో సహా. హోమ్‌లో ఒకరికి ఊపిరి అందకపోతే అంబులెన్సు, అది గేటు దాటిన గంటకే ఆ మంచం మీద ఇంకొకరు. మంచంతో పాటు నంబరు కూడా. గార్డును తీసుకెళ్ళిన రోజు ఆ సంగతి ఈయనకు ఎవరూ చెప్పలేదు. పదిహేడో నంబరు స్వెట్టరు ఉతికి, ఆరబెట్టి, మడిచి కిటికీలోంచి పంపాడు. ఆ మర్నాడు గార్డు కూతురు గేటు దగ్గరికి వచ్చింది, పై కిటికీ దగ్గర నాన్న ఆకుపచ్చ స్వెట్టరు కనబడింది, చెయ్యి ఊపింది. స్వెట్టరు కూడా చెయ్యి ఊపింది. సంబరంగా వెళ్ళిపోయింది. లోపల ఉన్నది ఇంకెవరో, చలికి ఇచ్చింది తొడుక్కున్న ఇంకో ముసలాయన. గార్డు అప్పటికే ఆసుపత్రి శవాల గదిలో ఉన్నాడు. మర్నాడు ఆ పిల్ల గేటు కమ్మీలు పట్టుకుని, నిన్న చూశాను, నిన్న నాకు చెయ్యి ఊపాడు, అబద్ధాలాడతారేంటి మీరు అని అరుస్తుంటే షెడ్డు దాకా వినిపించింది. ఆ స్వెట్టరు పంపింది తను. తన చేత్తో. ఆ పాపం ఎవరి మీదకూ నెట్టడు, ఎవరు నెట్టుకోమన్నా ఊరుకోడు. ఆ రాత్రే దారం మార్చాడు. నంబరులో మొదటి మనిషికి ఎరుపు, రెండో మనిషికి నీలం, మూడో మనిషికి పసుపు. పదిహేడు ఎరుపు, పదిహేడు నీలం, పదిహేడు పసుపు. పేజీ అడ్డంగా గీత కొట్టి, ఎరుపు ఏ రోజు ఆగింది, ఎక్కడికి తీసుకెళ్ళారు, ఏమైంది, కిటికీ దగ్గరికి వచ్చిన ఆయానల్లా అడిగి రాశాడు. ఎందుకు తాతా నీకు ఈ రంగులు అనేవాళ్ళు. దారాల తాత అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

మేనేజరు వారం వారం ఆఫీసుకు కాగితం నింపి పంపేవాడు. అది ఎలా ఉంటుందో ఆయనకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఈ వారం ఎంతమంది ఉన్నారు? నలభై. హోమ్‌లో మరణాలు ఎన్ని? సున్నా. నిజమే! అక్కడే ఉంది తమాషా. ఉన్నది నలభైమందే. హోమ్ గోడల మధ్య ఎవరూ పోలేదు, అంబులెన్సులో పోయారు, ఆసుపత్రి మెట్ల మీద పోయారు, వరండాలో పోయారు. ఆసుపత్రివాళ్ళు గుర్తింపు కార్డు మీద ఏ చిరునామా ఉంటే అది రాసుకున్నారు, కార్డుల మీద పాత ఇళ్ళున్నాయి. అంటే సర్కారు లెక్కలో ఆ మనుషులంతా ఎవరి ఇళ్ళ నుంచి వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి పోయారు. హోమ్‌లో జబ్బే లేదు. జబ్బు లేని చోటికి మందులెందుకు, మాస్కులెందుకు, నర్సులెందుకు? ఏవీ పంపలేదు. అడిగిన ఆయాలకు, మీ దగ్గర సున్నా కదమ్మా అన్నారట. అబద్ధమాడే అవసరమే రాని దొంగను తయారుచేసింది ఆ కాగితం. అలాంటి కాకి లెక్క రాసినవాడిది ఒక తప్పు, ఆ ప్రశ్న అడిగినవాళ్ళది పది తప్పులు. ఆ హోమ్‌లో మనుషులు పోయారు గాని నంబర్లు పోలేదు. పదిహేడో నంబరు ఈనాటికీ గుండ్రాయిలా ఉంది.

"బావా, ఇరవై ఐదు నిమిషాలైంది" అన్నాడు బావమరిది. "టీ తాగొద్దామా?"

"నువ్వు తాగిరా."

"నువ్వు లేకుండా నాకు టీ దిగుతుందా?"

"పిప్పరమెంట్లు దిగుతున్నాయి కదా."

బావమరిది నవ్వాడు. వాడు నవ్వితే ఆమె నవ్వినట్టే ఉంటుంది, కింది పెదవి ఒక పక్కకు జారుతుంది. ఆ నవ్వు కోసమే వీణ్ణి వెంటబెట్టుకుని తిరుగుతున్నాడేమో, ఆ సంగతి వాడికి చచ్చినా చెప్పడు. రెండేళ్ళలో ఎన్ని గుమ్మాలు. ఈ ఆఫీసు కాదు ఆ ఆఫీసు, ఈ సంతకం కాదు ఆ సంతకం, మీరు ఏమవుతారు, చనిపోయినవారికి భర్తా, మరి ఈ మిగతావాళ్ళకు? ఏమీ కాను, వాళ్ళ బట్టలు ఉతికాను. అయితే మీకు సంబంధం లేదు. ఒక గుమాస్తా పుస్తకం తెరిచి వాసన చూసి మూశాడు. ఒకడు జాలిపడి నీళ్ళిచ్చాడు, ఆ నీళ్ళు తాగలేదు. చివరికి ఒక మధ్యాహ్నం గణాంకాల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఆయన గుమ్మం ముందుకే వచ్చింది, భుజాన సంచీ, చెమటతో అతుక్కుపోయిన చొక్కా, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే కళ్ళు. తొమ్మిది వారాల కాగితాలు చాప మీద పరిచింది. నలభై, నలభై, నలభై, నలభై. "మనుషులుండే చోట అంకె కదలాలి తాతగారూ. కదలని అంకెను నేను నమ్మను. మీ దగ్గరేదో పుస్తకం ఉందట కదా?" అంది. ఆ రోజు ఆయన తలుపు తీసి పక్కకు జరిగాడు. ఎవరికోసమూ జరగని మనిషి. దారాల సంగతి చెబుతుంటే ఆ అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. పదిహేడో పేజీ మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. తరవాత, "మేం ఇంత పెద్ద ఆఫీసు కట్టుకుని మంచాలు లెక్కపెట్టాం, మీరు షెడ్డులో కూర్చుని మనుషుల్ని లెక్కపెట్టారు" అంది. పొగడ్త. ఆయన పొగడ్తలు ఉంచుకోడు. ఇది ఉంచుకున్నాడు.

తలుపు కిర్రుమంది. ఇంకా పన్నెండు కాలేదు, పదకొండూ ముప్పావు. ఆ లెక్కల అమ్మాయే, ఒక్కతే, తలుపు వెనకాలే మెల్లగా మూసి వచ్చి బెంచీ ముందు గొంతుక్కూర్చుంది. మొహం బాగాలేదు.

"తాతగారూ, ఇరవై రెండు మందిని ఒప్పుకున్నారు. ఇరవై రెండింటికీ మీరు తేదీ రాశారు, ఎక్కడికి పంపారో రాశారు. ఆసుపత్రి కాగితాలతో సరిపోయింది."

"ఇరవై మూడు" అన్నాడు ఆయన.

"తొమ్మిదో పేజీ." గొంతు తగ్గించింది. "తొమ్మిది, ఎరుపు. సోమవారం దాకా బట్టలు వచ్చినట్టుంది. ఆ కింద ఖాళీ. ఎందుకు ఆగిందో రాసే గడిలో ఏమీ లేదు. గురువారం నుంచి తొమ్మిది, నీలం మొదలైంది."

ఆయన చూపు మళ్ళీ మూసిన తలుపు మీదికి వెళ్ళింది.

"లాయరు అది పట్టుకున్నాడు. అందరికీ రాసినవాడు సొంత భార్యకు రాయలేదంటే, భర్తే ఇంటికి తీసుకెళ్ళి ఉంటాడు, ఆసుపత్రిలో ఇంటి చిరునామా ఉన్నది అందుకే అంటున్నాడు. ఇప్పుడు మీరు పుస్తకంలో రాయడానికి లేదు, అది సాక్ష్యం. కానీ లోపలికి వచ్చి చెప్పొచ్చు. చెబుతారా?"

"అదేంటి?" బావమరిది లేచి నిలబడ్డాడు. "అక్క గడి ఖాళీగా పెట్టావా? నువ్వా? బావా, ఏంటిది?"

"ఐదు నిమిషాల్లో పిలుస్తారు" అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలు. ఫినాయిల్ వాసన. మంగళవారం సాయంత్రం బుట్టలో తొమ్మిది లేదు. బుధవారం లేదు. ఉతకాల్సినవి లేవేమో, మంచం దిగలేదేమో, ఆయాలు మరిచిపోయారేమో. కిటికీ తట్టి అడిగాడు, బాగానే ఉంది తాతా, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఊరికే పరీక్షకు. గురువారం బుట్టలో తొమ్మిదో నంబరు చీటీ గుచ్చిన గౌను వచ్చింది, బూడిదరంగుది, పెద్ద ఒళ్ళున్న మనిషిది. చేతిలో పట్టుకున్నాడు. జేబులో బిస్కెట్ లేదు. చేతికి ముడి లేదు. అప్పుడు తెలిసింది. నోటితో ఎవరూ చెప్పకముందే వేళ్ళకు తెలిసింది. ఆమె బుధవారం తెల్లవారకముందే పోయిందని మేనేజరు శనివారం చెప్పాడు. ఆ గురువారం ఆయన ఏడవలేదు, గౌను ఉతికాడు, నీలందారం సూదికెక్కించాడు, ఆ కొత్త మనిషి చలికి వణకకూడదు కదా, ఆమె తప్పేముంది. పుస్తకం తెరిచాడు. తొమ్మిది, ఎరుపు. పెన్ను పట్టుకున్నాడు. పదిహేడుకు రాసిన చెయ్యి, ముప్పై ఒకటికి రాసిన చెయ్యి, ఇరవై రెండుసార్లు రాసిన చెయ్యి రాయలేదు. రేపు రాద్దాం అనుకున్నాడు. రెండేళ్ళుగా రేపు అవుతోంది. పుస్తకం వందసార్లు తెరిచాడు, ఆ పేజీ దగ్గర వేలు వేగంగా తిప్పేశాడు. అయితే ఏంటిరా తేడా? మేనేజరు సున్నా పెట్టాడు, నువ్వు ఖాళీ పెట్టావు. వాడు మంచం కోసం పెట్టాడు, నువ్వు నీ కోసం పెట్టుకున్నావు, రాయకపోతే పోనట్టే అని. పోయినవాడి స్వెట్టరు చెయ్యి ఊపితే సంబరపడి వెళ్ళిన ఆ పిల్లకూ నీకూ తేడా ఏంటి? ఆ పిల్లకు తెలియదు, నీకు తెలుసు. ఎవణ్ణీ క్షమించనివాడు తనను క్షమించుకోవడం ఏం న్యాయం? క్షమించుకోలేదు. కానీ, ఆ కానీ దగ్గర ఆయన కాలు మిషను పెడలు తొక్కినట్టు నేలను ఒక్కసారి తొక్కింది. లాయరు ఎంత పెద్ద తప్పు చేశాడో అప్పుడు కనబడింది. ఇంటికి తీసుకెళ్ళాడట. ఇంటికి! లేచి నిలబడ్డాడు. పిలుపు రాకముందే తలుపు తోశాడు.

గదిలో ఐదుగురు, లాయరు, మేనేజరు, గోడ దగ్గర లెక్కల అమ్మాయి. తెల్లజుట్టు పెద్ద తలెత్తాడు. "కూర్చోండి" అన్నాడు.

"నిలబడే చెబుతాను." పల్లెబడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు చేతులు పక్కకు పెట్టుకున్నాడు. "తొమ్మిదో నంబరు, ఎర్రదారం. నా భార్య. సోమవారం దాకా ఆమె బట్టలు ఉతికాను. మంగళవారం సాయంత్రం అంబులెన్సులో తీసుకెళ్ళారు. బుధవారం తెల్లవారకముందు చనిపోయింది." ఆ చివరి మాట నోట్లోంచి మొట్టమొదటిసారి వచ్చింది. రెండేళ్ళలో ఎవరడిగినా పోయింది అన్నాడు, వెళ్ళింది అన్నాడు, లేదు అన్నాడు. చనిపోయింది. గది అలాగే ఉంది. తను కూడా నిలబడే ఉన్నాడు. "రాయలేదు. చెయ్యి రాలేదు. అది నా తప్పు, దానికి మీరు ఏమన్నా పడతాను."

"అదే కదండీ మేం అనేది" లాయరు అందుకున్నాడు. "రాయలేదంటే ఇంటికి..."

"ఎవరింటికి బాబూ?"

"మీ ఇంటికి."

"నా ఇంటికి తొమ్మిది వారాలు తాళం. తాళంచెవి నా మొలతాడుకుంది. నేను ఆ గేటు లోపల ఉన్నాను, పనివాడెవడూ గేటు దాటకూడదని ఇదిగో ఈయనే రాసి అతికించాడు." మేనేజరు వైపు వేలు చూపించాడు. "పుస్తకం తెరవండి. నలభై పేజీల్లోనూ సోమవారం వరస ఉంది, నా చేతిరాత. మంగళవారం ముప్పై తొమ్మిది, నా చేతిరాత. బుధవారం ముప్పై తొమ్మిది. గురువారం నలభై. ఆమెను ఇంటికి తీసుకెళ్ళినవాడు ఆ బట్టలన్నీ ఎప్పుడు ఉతికాడు? తన పేరు కూడా గుర్తులేని మనిషి తాళం వేసిన ఇంటికి ఒక్కతీ నడిచి వెళ్ళిందా?"

లాయరు పుస్తకం వైపు చెయ్యి చాపలేదు. తెల్లజుట్టు పెద్ద చాపాడు. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు, ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే ఆ కాగితం చప్పుడు ఆయన చెవులకు కొత్తబట్ట చింపినట్టు కమ్మగా వినిపించింది. పక్కనున్న ఇద్దరు సభ్యులు వంగి చూశారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, నాకు కూడా బాధగానే ఉందండీ" అన్నాడు.

"ఉండనీ" అన్నాడు ఆయన.

పెద్ద కాగితం తన ముందుకు లాక్కుని చదివాడు. హోమ్ రాసిచ్చిన సంఖ్య తప్పు, దాన్ని కొట్టివేస్తున్నాం. ఆ తొమ్మిది వారాల్లో ఆ హోమ్ వాసులలో మరణించినవారు, అని ఆగి, పెన్ను తీసి ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకోటి రాసి, ఇరవై ముగ్గురు అన్నాడు. వచ్చే నెల నుంచి ప్రతి హోమూ మంచాల లెక్క కాదు, మనిషి మనిషికీ ఒక వరస రాయాలి. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు, ఎక్కడికి, ఏమయ్యారు. మనిషి ఎక్కడ పోయినా బతికిన చోటే లెక్కకు రావాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ కాగితం తీసుకోం. ఆ మాట అన్నప్పుడు ఆయన వైపు చూడలేదు, మర్యాదస్తుడు. గోడ దగ్గర లెక్కల అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. పై ఆఫీసులో ఆమె ఎన్నాళ్ళు ఈ కాగితం కోసం పోట్లాడిందో, ఎన్ని మాటలు పడిందో ఆయనకు తెలుసు. తల పంకించాడు ఆమె వైపు. తన జన్మలో అంతకన్నా పెద్ద నమస్కారం పెట్టలేదు.

"ఇంకేమైనా చెప్పాలా మీరు?" అన్నాడు పెద్ద.

"సర్కారు పుస్తకంలో కూడా మారుతుందా? నా ఇంటి చిరునామా మీద ఉన్నది తీసి ఆ హోమ్ పేరు మీద రాస్తారా?"

"ఈవేళే."

"అయితే ఏమీ లేదు" అన్నాడు, వెనక్కి తిరిగాడు. కాళ్ళు నేల మీద ఆనుతున్నట్టు లేదు. డెబ్బై ఒక్క ఏళ్ళ కాళ్ళు. తలుపు తీశాడు. బావమరిది పిప్పరమెంటు మింగేసి, రెండు చేతులూ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. "బావా?" అన్నాడు. "బావా, ఏమన్నారు? అక్కను ఒప్పుకున్నారా?"

నెమ్మదిగా చెబుదామనుకున్నాడు, ఎప్పటిలాగే, ఒక్క ముక్కలో. ఆ ఒక్క ముక్క కడుపులోంచి బయల్దేరి, దారిలో ఎంత పెరిగిందో, నోట్లోంచి వచ్చేసరికి కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండిపోయింది. "ఇరవై మూడు!" బావమరిది ఎగిరి పడ్డాడు, వెంటనే ఏడవడం మొదలుపెట్టాడు, ఏడుస్తూనే నవ్వాడు. గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. బంట్రోతు పరుగు పరుగున వచ్చాడు, వేలు నోటి మీద పెట్టుకుని, "పెద్దాయనా, పెద్దాయనా, ఇక్కడ అరవకూడదండీ, పక్కగదిలో మీటింగు జరుగుతోంది."

"జరగనీ. వాళ్ళు కూడా వినాలి" అన్నాడు ఆయన. ఊపిరి నిండా పీల్చుకుని మళ్ళీ అరిచాడు, ఈసారి ఇంకా గట్టిగా. "ఇరవై మూడు!"